ఎక్కాలరావు టీ వంతు

శుక్రవారం పొద్దున్నే తమ్ముడు వంటగది బల్ల మీద స్క్రూల పెట్టె తెరుచుకుని కూర్చున్నాడు. పేరుకు స్క్రూల పెట్టె గానీ అందులో స్క్రూలు లేవు. చక్రాల కుర్చీలు బాగుచేసే వర్క్‌షాపులో పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్న పాత ప్లాస్టిక్ పెట్టె అది. లోపల అరలు అరలుగా ఉంటుంది. ఒక అరలో బస్సు డబ్బులు, ఒక అరలో బట్టలుతికే మిషన్లో వేసే నాణేలు, ఇంకోదాంట్లో పాలూ రొట్టే, పక్కదాంట్లో క్షవరం, చిట్టచివర మూలన "ఆపద". క్షవరం అర ఎన్నాళ్లనుంచో నిండుగానే ఉంది. జుట్టు మెడ దాటి భుజాల మీదికి దిగినా, ఖర్చు పెట్టేంత అవసరం ఇంకా రాలేదని అతని అభిప్రాయం.

పరాయి దేశం వెళ్లినవాళ్లకు మొదట్లో ఒక జబ్బు పట్టుకుంటుంది. ఏది కొనబోయినా దాని ధరను ఇంటి డబ్బులోకి హెచ్చవేసి చూసుకుని గుండె పట్టుకుంటారు. దువ్వెన కొనబోతే అక్కడ కుర్చీ వచ్చేదంటారు, కుర్చీ కొనబోతే మంచం వచ్చేదంటారు. నెలా రెండు నెలల్లో అందరికీ అదే నెమ్మదిస్తుంది. తమ్ముడికి నెమ్మదించలేదు సరికదా, ముదిరింది. ఇక్కడ పెద్దాసుపత్రిలో ఫిజియోథెరపీ చదువుతున్న వాళ్లక్క అతనికి ఎక్కాలరావు అని పేరు పెట్టి, తన వంతు అద్దె తను కట్టుకుంటూ, ఆ జబ్బుకు తను చదివే పుస్తకాల్లో మందు లేదని చేతులెత్తేసింది.

తమ్ముడు వచ్చింది చదువుకు కాదు. ఆసుపత్రి వెనకాల ఉన్న ఆ వర్క్‌షాపులో ఏడాదిపాటు ఊరికే పనిచేయడానికి. జీతం ఉండదు, చేతి ఖర్చులకని వారం వారం కొంత ఇస్తారు. ఆ కొంతను అరల్లో సర్ది, వారం చివర ఇంకా కొంత మిగల్చడం అతని విద్య. దాన్ని వాళ్లక్క ఒక్కోసారి మెచ్చుకునేది, ఒక్కోసారి నెత్తి కొట్టుకునేది. ఆ పొద్దున రెండో రకం.

"టీ డబ్బులు ఏ అరలోంచి తీస్తున్నావ్?" అంది రొట్టె కాలుస్తూ.

తమ్ముడు పెట్టెలోకి చూశాడు. టీకి అర లేదు. ఉండాల్సిన పరిస్థితి వస్తుందని అతను పెట్టె తెచ్చుకున్న రోజున అనుకోలేదు.

సంగతేమిటంటే, ఆ వర్క్‌షాపులో ఒక ఆనవాయితీ ఉంది. శుక్రవారం పని దిగగానే అందరూ కలిసి వీధి మలుపులో ఉన్న టీ దుకాణానికి వెళతారు. మనిషికో టీ, మనిషికో బన్ను. అందరి డబ్బూ ఒక్కరే కడతారు. ఈ వారం ఒక బల్ల దగ్గర పనిచేసే మనిషి కడితే, పై వారం ఆ పక్క బల్ల మనిషి. తమ్ముడు వచ్చిన దగ్గర్నుంచీ పనికెళ్లిన ఏ శుక్రవారమూ టీ వదిలిపెట్టలేదు, ఒక్క బన్ను మిగల్చలేదు. అంతేనా, సాయంత్రం ఎలాగూ బన్ను ఉంది కదా అని శుక్రవారాలు పొద్దుటి రొట్టె మానేయడం కూడా అతని బడ్జెట్‌లో ఒక భాగం. తన వంతు దగ్గరికొచ్చిన ప్రతిసారీ మాత్రం ఏదో ఒక దేవుడు కాపాడుతూ వచ్చాడు. ఒకసారి సెలవు పడింది, ఒకసారి నిజంగానే జలుబు చేసింది. పోయిన శుక్రవారం పక్క బల్ల దగ్గరుండే స్టోరు పెద్దమ్మ డబ్బు కట్టింది. కాబట్టి ఈసారి తనే. దేవుళ్లు కూడా అలిసిపోయినట్టున్నారు.

"ఆపద అరలోంచి తీసి పొయ్యరా" అంది అక్క. "ఇన్నాళ్లూ తాగావు కదా."

"అంతమందికి టీ, అంతమందికి బన్నులు. అదంతా మన డబ్బులో ఎంతవుతుందో తెలుసా?"

"తెలీదు. పొద్దున్నే నాకు ఎక్కాలు చెప్పకు."

"మనూళ్లో ఆ డబ్బుతో..."

"పెళ్లి చెయ్యొచ్చు, తెలుసు నాయనా. లేచి బస్సెక్కు. ఈరోజో రేపో మీ మేడమ్ సంగతి తేల్చేస్తుందన్నావు, నవ్వుతూ కనబడు."

ఆ మాటతో తమ్ముడి మొహం మారిపోయింది. తేలాల్సిన సంగతి చిన్నది కాదు. అతని ఏడాది ముగింపుకొచ్చింది. ఇంకో ఏడాది ఒక్కరిని ఉంచుకునే వీలుంది. ఆ ఒక్కరూ తనే కావాలని అతని ప్రాణం కొట్టుకుపోతోంది. వచ్చే ఏడాదిలోనే పిల్లల ఒంటి కొలత తీసుకుని వాళ్లకు సరిపడే కుర్చీ మొదట్నుంచీ తయారుచేయడం నేర్పుతారు. ఇంటి దగ్గర వాళ్ల వీధి బడికి ఒక తల్లి ఎదిగిన కూతుర్ని చంకనేసుకుని వచ్చేది. ఎవరో పెద్దవాళ్ల కుర్చీ ఒకటి దానం ఇస్తే, ఆ పిల్ల అందులో మునిగిపోయి, బల్ల మీద పుస్తకం కూడా అందక, మర్నాటి నుంచి మళ్లీ తల్లి చంకే ఎక్కింది. తమ్ముడు అది మరిచిపోలేదు. ఆ పని చేతికొచ్చేదాకా ఇక్కణ్ణుంచి కదలకూడదని అతని పట్టుదల. ఇన్ని అరలు పెట్టి మిగిల్చేది కూడా ఆ పనిముట్లు కొనుక్కోవడానికే.

అంత పెద్ద ఆశ ఉన్నవాడు కాసిన్ని టీ డబ్బులు పారేసి ఊరుకోవచ్చు కదా అని మనకనిపిస్తుంది. అనిపించేది మనకే. ఎంగిలి చేత్తో కాకిని తోలనివాడికి అలా అనిపించదు. బస్సు దిగేలోపల తమ్ముడు ఒక నిర్ణయానికొచ్చేశాడు. ఈరోజు తనకు కడుపునొప్పి.

సాయంత్రం సరిగ్గా టీ వేళకు నొప్పి వస్తే ఎవరూ నమ్మరు కనుక, అది పొద్దున్నే మొదలై మెల్లగా పెరగాలని కూడా తేల్చుకున్నాడు. ఏ పనైనా పద్ధతిగా చేయడం అతని అలవాటు.

వర్క్‌షాపులో అతని బల్ల ముందు నీలం కుర్చీ ఒకటి ఉంది. చక్రాలు సరిచేయడం ముందురోజే అయింది. పాత బ్రేకులు విప్పి కొత్తవి తగిలించాడు గానీ ఇంకా బిగించలేదు. అలా సగంలో ఉన్న కుర్చీ చేతిపిడికి ఎర్ర రిబ్బను కట్టాలని అక్కడ నియమం. రిబ్బను కనబడితే ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరు, ఎవరూ కూర్చోబెట్టరు. రిబ్బను చుట్ట ఖరీదును ఏనాడో హెచ్చవేసి చూసుకున్న తమ్ముడు, తన బల్లకిచ్చిన ముక్కల్ని నిలువునా రెండుగా చీల్చాడు. అవి బాగానే సాగుతున్నాయని మళ్లీ రెండుగా చీల్చాడు. ఇప్పుడు నీలం కుర్చీకి వేలాడుతున్నది ఎర్రగా ఉందంటే ఉంది, లేదంటే లేదు. గాజుల మలారంలోంచి జారిన దారప్పోగులా ఉంది.

వెల్డింగ్ తాత అటుగా వస్తుంటే తమ్ముడు కడుపు పట్టుకుని చిన్నగా మూలిగాడు. ఆ తాత అక్కడ అందరికంటే పాతకాపు. ఉదయం నుంచి సాయంత్రం దాకా నిప్పురవ్వల మధ్య కూర్చుంటాడు, మనిషి మాత్రం వెన్న. మొహం మీది ముసుగు పైకెత్తి ఏమైందని అడిగాడు. తమ్ముడు కడుపులో కొంచెం నొప్పన్నాడు. ఎక్కడ అన్నాడు తాత. ఎక్కడో తమ్ముడు నిర్ణయించుకోలేదు. చెయ్యి ముందు కుడివైపు వెళ్లింది, అక్కడ నచ్చక ఎడమవైపు వచ్చింది.

తాత మొహం పాలిపోయింది. తన బావమరిదికి కూడా నొప్పి సరిగ్గా ఇలాగే అటూ ఇటూ తిరిగిందనీ, ఆఖరికి కోసి చూడాల్సొచ్చిందనీ చెప్పి, పని ఆపేసి, నేరుగా స్టోరు పెద్దమ్మ దగ్గరికి నడిచాడు. తమ్ముడు వద్దు వద్దంటూనే ఉన్నాడు.

స్టోరు పెద్దమ్మ సామాన్లకే కాదు, అక్కడి మనుషులకు కూడా కాపలా. వస్తూనే తమ్ముడి నుదుటి మీద చెయ్యి వేసింది, నాలుక చాపమంది, కళ్లు కిందికి లాగి చూసింది. ఆ తర్వాత అతని మధ్యాహ్నం భోజనం డబ్బా తీసుకుపోయి, బేరింగులు దాచే ఇనుప బీరువాలో పెట్టి తాళం వేసింది. లంఖణం పరమౌషధం అన్న మాట ఏ దేశపు పెద్దమ్మకైనా పుట్టుకతోనే తెలుసు కాబోలు.

"పెద్దమ్మగారూ, ఆకలేస్తోందండీ" అన్నాడు తమ్ముడు.

"అది ఆకలి కాదు బాబూ, నొప్పే. అలా మారువేషంలో వస్తుంది" అని ఆవిడ గ్లాసుడు వేణ్ణీళ్లు ఇచ్చింది.

ఇక చూడండి అతని పరిస్థితి. శుక్రవారం కనుక పొద్దున రొట్టె లేదు. కడుపునొప్పి కనుక మధ్యాహ్నం భోజనం లేదు. వేణ్ణీళ్లు మాత్రం అడక్కుండానే వస్తున్నాయి. చుట్టూ అందరూ డబ్బాలు తెరుచుకుని తింటుంటే అతను నీలం కుర్చీ బ్రేకు వంక చూస్తూ కూర్చున్నాడు. మధ్యాహ్నం తిరిగేసరికి కడుపులో ఎలుకలు పరిగెత్తడం మానేసి పడుకున్నాయి. బ్రేకు బిగిద్దామని పానా తీస్తే అది జారి కాలి మీద పడింది. నుదుట చెమటలు పట్టాయి. పొద్దున నటించడానికి అంత కష్టపడ్డ జబ్బు ఇప్పుడు పైసా ఖర్చు లేకుండా దానంతటదే వచ్చేసింది.

అదే సమయానికి మేడమ్ వచ్చింది. వర్క్‌షాపు మొత్తం ఆవిడ మాట మీద నడుస్తుంది. చెవి మీద పెన్సిలు, చేతిలో కొలత టేపు, నోట్లో అవసరమైన మాటలు మాత్రమే. తమ్ముణ్ణి ఎగాదిగా చూసి, ఆసుపత్రికి తీసుకెళ్లమంది. నడిచి వస్తానన్నాడు తమ్ముడు. ఈ స్థితిలో నడవడానికి వీల్లేదని ఆవిడ చేతికందిన కుర్చీ ముందుకు లాగింది. అది నీలం కుర్చీ.

తమ్ముడి పైప్రాణాలు పైనే పోయాయి. అందులో వద్దు, దానికి బ్రేకు లేదు అని చెప్పడానికి నోరు తెరిచాడు. సరిగ్గా ఆ తెరిచిన నోట్లో స్టోరు పెద్దమ్మ థర్మామీటర్ పెట్టేసి, తీస్తే ఊరుకోనంది. అతను చేతులూపాడు. వెల్డింగ్ తాత ఆ చేతుల్ని ప్రేమగా పట్టుకుని, భయపడకు బాబూ నేనున్నానంటూ, కుర్చీలో కూర్చోబెట్టి బయటికి తోసుకుపోయాడు.

వర్క్‌షాపు నుంచి ఆసుపత్రి పెరట్లోకి పొడుగాటి సిమెంటు ర్యాంపు ఉంది. దానికి పైన బరువైన తలుపు. ఆ తలుపు తీయడానికి రెండు చేతులూ కావాలి. తాత పద్ధతి తెలిసినవాడు కనుక ముందు కుర్చీ బ్రేకు వేశాడు. బ్రేకు టిక్కుమని చప్పుడు కూడా చేసింది. ఆ చప్పుడు నమ్మి తాత తలుపు తోసి పట్టుకున్నాడు. కుర్చీ ఆయన పక్కనుంచి, ముందు మర్యాదగా, తర్వాత మర్యాద లేకుండా ర్యాంపు మీదికి దిగింది.

నోట్లో థర్మామీటర్‌తో, భుజాల మీద ఎగిరే జుట్టుతో, రోగులూ వాళ్ల బంధువులూ నోళ్లు తెరుచుకుని చూస్తుండగా తమ్ముడు పెరడంతా దాటిపోయాడు. కుర్చీ మాత్రం గీత గీసినట్టు తిన్నగా వెళ్లింది. ఆ చక్రాలు సరిచేసింది తనే అని ఆ ఘడియలో కూడా అతనికి కాస్త గర్వం కలిగింది. ఎదురుగా ఉతికి మడతపెట్టిన దుప్పట్ల బండి వస్తోంది. కుర్చీ బండికి తగిలి ఆగిపోయింది. తమ్ముడు ఆగలేదు. తెల్లటి దుప్పట్లలోకి తలదాకా వెళ్లిపోయాడు. వర్క్‌షాపు కుర్రాడు స్పృహ తప్పాడని ఎవరో కేకవేశారు. దుప్పట్లు మెత్తగా, వెచ్చగా ఉండటంతో అతను కూడా ఆ మాట కాదనడానికి తొందరపడలేదు.

మంచం మీద పడుకోబెట్టాక డాక్టరు వచ్చాడు. గుండ్రటి మనిషి, నెమ్మదస్తుడు. పొట్ట నొక్కాడు, గుండె విన్నాడు, ఎక్కడా ఏమీ లేదన్నాడు. తమ్ముడు ఊపిరి పీల్చుకున్నాడు. ఇంతలో వర్క్‌షాపు వాళ్లు వచ్చారు. పాపం ఆ పిల్లాడలా పడుంటే మనకు టీ ఎలా దిగుతుందని ఈ శుక్రవారానికి టీ మానేసి, తలా ఇంత వేసుకుని, దారిలో దొరికినవన్నీ కొనుక్కొచ్చారు. ఒక పెద్ద పూలగుత్తి, ఒక బుట్టెడు పళ్లు, చలికి మెడకు చుట్టుకోవడానికి ఒక ఊలు మఫ్లర్. అన్నీ మంచం పక్క బల్ల మీద పెట్టి, రోగికి గాలి ఆడాలని బయటికెళ్లిపోయారు. స్టోరు పెద్దమ్మ మాత్రం కదల్లేదు.

డాక్టరు పోతూ పోతూ ఎందుకైనా మంచిదని నాడి పట్టుకున్నాడు. ఆ నాడి ఆయన వేళ్ల కింద నింపాదిగా కొట్టుకుంటున్నదల్లా ఉన్నట్టుండి గంతేసింది. ఆయన తుళ్లిపడి తమ్ముడి మొహంలోకి చూశాడు. తమ్ముడు పూలగుత్తి వైపు చూస్తున్నాడు. దాని కాగితం మీద ధర చీటీ అలాగే ఉంది.

కోర్టులో కూడా ఎవరూ అంత నిజం చెప్పరు, నాడి చెప్పినంత. కానీ ఆ డాక్టరుకు ఆ భాష తెలియదు. ఇదేదో లోపలి జబ్బులా ఉందనీ, రాత్రికి ఉంచుకుని అన్ని పరీక్షలూ చేయాల్సిందేననీ చెప్పాడు. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని అక్క వచ్చింది. తరగతిలోంచి పరిగెత్తుకొచ్చినట్టుంది, తెల్లకోటు గుండీలు ఊడిపోయి ఉన్నాయి, కళ్లలో నీళ్లు. తమ్ముడు లేచి కూర్చున్నాడు. ఒక్క క్షణం అతన్ని గట్టిగా పట్టుకుని వదిలింది. తర్వాత అతని మొహం చూసింది, బల్ల మీది పళ్లు చూసింది, గోడ మీది గడియారం చూసింది. కన్నీళ్లు అక్కడికక్కడే ఆరిపోయాయి.

"ఎక్కడరా నొప్పి?" అంది మెల్లగా.

అతను దుప్పటి మీదికి లాక్కున్నాడు.

"ఈరోజు నీ వంతు కదూ."

"అక్కా, నీకు పుణ్యముంటుంది" అన్నాడు అతను, పెదాలు కదలకుండా.

డాక్టరు ఆమెను పక్కకు పిలిచి, నాడి సంగతి చెప్పి, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగాడు. అక్కకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఆయన్ను మళ్లీ మంచం దగ్గరికి తీసుకొచ్చి, నాడి పట్టుకోమని, పూలగుత్తిని గోడవైపు తిప్పింది. నాడి నెమ్మదించింది. ఇటు తిప్పింది. పరిగెత్తింది. డాక్టరుకు చిన్నపిల్లాడికున్నంత ఉత్సాహం వచ్చింది. తనే పళ్లబుట్ట దగ్గరికి జరిపాడు. నాడి ఇంకా జోరందుకుంది. మఫ్లర్ విప్పి దాని ధర చీటీ చూపిస్తే ఆయన వేళ్లే అదిరాయి.

"డాక్టరుగారూ, రాత్రికి ఇక్కడ ఉంచితే గదికి ఎంతవుతుంది?" అని అడిగింది అక్క.

ఆయన చెప్పాడు. చెప్పి, చేతిలో ఉన్న చెయ్యి వైపు చూసి, భయపడి వదిలేశాడు.

"దీన్ని ఏమంటారమ్మా?" అన్నాడు.

"మా ఇంట్లో ఎక్కాలరావు అంటామండీ" అంది అక్క.

స్టోరు పెద్దమ్మకు అర్థమయ్యేసరికి కాస్త ఆలస్యమైంది. అర్థమయ్యాక ఆవిడ చీరేస్తానన్నట్టు చూసి, అంతలోనే బేరింగుల బీరువాలో ఉన్న డబ్బా గుర్తొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టరు కుర్చీలో కూలబడి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. అంతా నవ్వుతో తేలిపోయేలాగే ఉంది. తమ్ముడు కూడా సిగ్గుపడుతూ నవ్వబోయాడు.

అప్పుడు మేడమ్ లోపలికి వచ్చింది. వెనకాలే వెల్డింగ్ తాత, టోపీ చేత్తో పట్టుకుని. ఎప్పుడూ నిటారుగా ఉండే ఆ మనిషి ఒంగిపోయి, తల ఎత్తకుండా నిలబడ్డాడు. గదిలో నవ్వు ఆగిపోయింది.

మేడమ్ తమ్ముడితో రెండే మాటలు చెప్పింది. ఇలాంటి ఆరోగ్యంతో ఇంకో ఏడాది కష్టమైన పని చేయించలేననీ, ఇంటికి పంపే ఏర్పాటు చేస్తాననీ. తర్వాత తాత వైపు తిరిగింది. బ్రేకు వేశానని ఈయనంటున్నాడు, వేస్తే కుర్చీ ఎలా కదులుతుంది, వయసు మీదపడి చెయ్యి పట్టు తప్పింది, ఇక ఈయన్ను విశ్రాంతి తీసుకోమంటున్నాను అంది. తాత టోపీ అంచు నలిపాడు. బాబుకు దెబ్బ తగలలేదు కదా, అది చాలు అన్నాడు.

తమ్ముడికి నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. జబ్బు లేదని ఇక్కడ డాక్టరే సాక్ష్యం చెబుతాడు. ఆకలికి కళ్లు తిరిగాయంటే మేడమ్ నమ్ముతుంది, ఏడాది దక్కుతుంది. బ్రేకు గురించి ఒక్క మాట అనకుండా ఉంటే చాలు. అక్క అతని వైపే చూస్తోంది. ఏం చేయమని ఆమె చెప్పలేదు. ఆ ముసలాయన టోపీ అంచు నలుపుతున్న వేళ్లు చూస్తే తమ్ముడికి కడుపులో ఈసారి నిజంగా నొప్పి పుట్టింది.

"తాత బ్రేకు వేశాడు మేడమ్" అన్నాడు. "అది బిగించలేదు. నేనే బిగించలేదు. రిబ్బను కట్టాను గానీ, ఎవరికీ కనబడనంత సన్నగా చీల్చి కట్టాను. రిబ్బను మిగులుతుందని. నాకు జబ్బూ లేదు. ఈరోజు టీ వంతు నాదని, డబ్బులు పెట్టలేక అబద్ధం చెప్పాను. నన్ను పంపించెయ్యండి, తాతను ఏమీ అనకండి. ఇక్కడ ఉండి నేర్చుకోవాలని నాకు చాలా ఉంది మేడమ్. కానీ తప్పు నాది."

అంత మాట్లాడి అతను తల దించుకున్నాడు. కళ్లనీళ్లు దుప్పటి మీద పడ్డాయి. మేడమ్ బయటికెళ్లి నీలం కుర్చీ చేతిపిడికి కట్టిన ఎర్ర పోగు విప్పుకొచ్చి, వెలుతురులో పట్టుకుని చూసింది. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూసింది. ఎన్నాళ్లయినా ఈ బల్లకు కొత్త రిబ్బను అడగలేదేమా అనుకున్నానని స్టోరు పెద్దమ్మ గొణిగింది.

ముందు మేడమ్ తాతకు క్షమాపణ చెప్పింది. చెయ్యి పట్టుకుని, అందరి ఎదుటా చెప్పింది. తాత అది ఎక్కడ పెట్టుకోవాలో తెలియక టోపీ పెట్టేసుకున్నాడు. పెట్టుకుని, తమ్ముడి పక్కన మంచం మీద కూర్చున్నాడు.

"ఇంతకీ నీకు వంతని ఎవరు చెప్పారు బాబూ?" అన్నాడు.

"పోయినవారం పెద్దమ్మగారు కట్టారు కదా. పక్క బల్ల నాదే."

"పెద్దమ్మ తర్వాత వంతు నాది. ఎప్పుడూ నాదే. జీతం లేకుండా పనిచేసేవాళ్ల డబ్బుతో టీ తాగే అలవాటు మాకు లేదు నాయనా. నువ్వు జలుబని పడుకున్నప్పుడు కూడా నేనే కట్టాను."

తమ్ముడు బిక్కమొహం వేశాడు. లేని వంతుకు లేని నొప్పి తెచ్చుకుని, ఉన్న భోజనం పోగొట్టుకుని, బ్రేకు లేని కుర్చీలో ఊరేగాడన్నమాట. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అనలేదు. అక్క గోడవైపు తిరిగి నవ్వుకుంటోంది, భుజాలు అదురుతున్నాయి.

మేడమ్ మాత్రం నవ్వలేదు. చెవి మీది పెన్సిలు తీసింది, మళ్లీ పెట్టుకుంది.

"నేను ఈరోజు టీ దగ్గర ఒక మాట చెబుదామనుకున్నాను" అంది. "వచ్చే ఏడాదికి ఎవరిని ఉంచుకోవాలో పొద్దున్నే తేల్చేశాం. ఆ మనిషి టీకి రాకుండా ఇక్కడ పడుకుంటే నేనెవరికి చెప్పను?"

తమ్ముడికి ముందు అర్థం కాలేదు. అక్కకు అర్థమై, అతని వీపు మీద ఒక్కటి వేసింది. అప్పుడర్థమైంది. మరి బ్రేకు, మరి అబద్ధం అని అతనేదో అనబోతే మేడమ్ చెయ్యెత్తి ఆపింది. అబద్ధానికి శిక్ష పొద్దుట్నుంచీ పడుతూనే ఉందంది. బ్రేకుకు శిక్ష వేరే ఉందట. ఇకనుంచి వర్క్‌షాపులో అన్ని కుర్చీలకూ రిబ్బన్లు అతనే కట్టాలి. ఒక్కోటి మూరెడు పొడవు, బెత్తెడు వెడల్పు. కొలత టేపుతో ఆవిడ రోజూ చూస్తుంది. ఇంకెక్కడ పొదుపు చేసినా ఊరుకుంటానుగానీ కూర్చునేవాళ్ల ప్రాణం దగ్గర చేస్తే ఊరుకోనంది. తమ్ముడు నిండు మనసుతో తల ఊపాడు. రిబ్బను ఖరీదు అతనికి గుర్తు రాలేదు. చాలాకాలానికి అలా జరిగిందని అక్క ఆ తర్వాత ఎన్నోసార్లు చెప్పింది.

స్టోరు పెద్దమ్మ పరుగున వెళ్లి బీరువా తెరిచి డబ్బా తెచ్చింది. తమ్ముడు అది తిన్నాడు, బుట్టలో పళ్లు తిన్నాడు, ఆకలికి ఆగలేక ఇంకొకటి ఒలుస్తూ, మీద ధర చీటీ ఉన్న పండును ఏరి మరీ తాతకిచ్చాడు. బయట ఉన్నవాళ్లంతా లోపలికొచ్చారు. ఎలాగూ అందరం ఉన్నాం కదా, టీకి పోదామన్నారు. తాత తన వంతు తను కడతానన్నాడు. డాక్టరును కూడా రమ్మన్నారు, అక్కను కూడా రమ్మన్నారు, దుప్పట్ల బండి తోసే ఆవిణ్ని కూడా పిలిచారు. ఆ మలుపు దుకాణంలో ఆ సాయంత్రం బల్లలు సరిపోక రెండు కలిపి వేశారు. తమ్ముడు మెడకు మఫ్లర్ చుట్టుకుని మధ్యలో కూర్చున్నాడు. ఇంత సంతోషం తనకు ఏ అరలోనూ పట్టదని అక్క చెవిలో చెప్పాడు.

అందరూ రెండో బన్ను దగ్గర ఉండగా మేడమ్‌కు ఇంకో మాట గుర్తొచ్చింది. వచ్చే ఏడాది అతను ఊరికే పనిచేసేవాడు కాదు. వచ్చే వారం నుంచే జీతం ఉంటుంది.

బల్ల చుట్టూ అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత స్టోరు పెద్దమ్మ వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది. ఈ వారం తాత, మరి నాకూ తాతకూ మధ్య బల్ల ఎవరిది అని తనలో తనే అనుకుంది. జీతం వచ్చేవాళ్లకు వంతు ఉంటుంది కదా అని కూడా అంది. చప్పట్లు ఆగాయి. ఒకరి తర్వాత ఒకరు తలలు తమ్ముడి వైపు తిరిగాయి.

పక్కనే కూర్చున్న డాక్టరు చెయ్యి చాచి అతని మణికట్టు పట్టుకున్నాడు, కాసేపు కళ్లు మూసుకుని విన్నాడు, వదిలేసి, వచ్చే శుక్రవారం తనకు బన్ను వద్దన్నాడు.